రెడ్డెప్ప తలమీది కిరీటం

అట్టకిరీటం ఎంత బరువుంటుందో మీకు తెలియకపోవచ్చు. నేను చేసింది శేరు బియ్యమంత కూడా తూగదు. దాన్ని నేనెప్పుడూ తలకు పెట్టుకున్నది లేదు. అయినా ఇన్నేళ్ళుగా మోస్తున్నది నేనే. మా ఆవిడకు తెలుసు, ఆమె పోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మదనపల్లెలో టీ అంగడి దగ్గర అడిగితే, నా చేతి కిరీటం పెట్టుకోని రాజు ఈ చుట్టుపక్కల లేడని చెబుతాను. కోలారు నుంచి కారు వేసుకొచ్చి మరీ తీసుకుపోయారని, ఒక నాటకాల కంపెనీ యజమాని నా చేతులు కళ్ళకద్దుకున్నాడని కూడా చెబుతాను. అబద్ధం. కారూ లేదు, కంపెనీ లేదు. నేను చేసిన కిరీటాలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. వాటిలో ఒక్కటే నన్ను వదలలేదు.

అప్పుడు మేం పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా భారతం ఉత్సవం జరిగేది. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మను నేలమీద పడుకున్నట్టు చేస్తారు. భీముడి వేషమూ దుర్యోధనుడి వేషమూ గదలు పట్టుకుని దాని చుట్టూ, దాని మీదా తిరుగుతారు. భీముడు తొడ మీద కొట్టాకే దుర్యోధనుడు పడాలి. వేషం కట్టేవాళ్ళు ముందే కంకణం కట్టించుకుని, మాంసం ముట్టకుండా, కల్లు తాగకుండా నిష్ఠగా ఉండాలి.

ఆ ఏడు దుర్యోధనుడు రెడ్డెప్ప. గొర్రెలు మేపుకునే మనిషి, నాకంటే కాస్త చిన్న. అతను గొంతెత్తి పద్యం అందుకుంటే అంగట్లో తూకం వేసే చేయి ఆగిపోయేది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

గుడిలో ఉన్న పాత కిరీటాన్ని చెదలు తినేశాయి. కొత్తది కొనే స్తోమత గుడికి లేదు. ‘నేను చేస్తా, వెండిదో అట్టదో ఎవరూ కనుక్కోలేరు’ అని నేనే ముందుకు దూకాను. విరిగిన టమోటా గంపల బద్దలతో చట్రం కట్టాను. సబ్బుల అట్టపెట్టె కోసి చుట్టాను. పాత పంచె చింపి పొరలు పొరలుగా అతికాను. పైన సిగరెట్ పెట్టెల్లోని తగరపు కాగితం, పగిలిన అద్దం ముక్కలు, మా ఆవిడ తెగిన పూసలదండ. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు.

అతకడానికి చింతగింజల గంజి కావాలి. గింజలు వేయించి, పొట్టు పోయేలా దంచి, నానబెట్టి, రుబ్బి, కాచాలి. అది ఒకసారి ఆరిందంటే చెమటకు లొంగదు. మా ఆవిడ ఆ మాటే చెప్పింది. నేను మైదా గంజి కాచాను.

చేతిలో డబ్బు లేక అలా చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. లేనివాడు, ఏదో సర్దుకున్నాడు, తప్పేముంది అని. కానీ చింతగింజలకు డబ్బెందుకు? చింతపండు కొట్టే ఇల్లు మాది. వాకిట్లో గింజలు కుప్ప పడి ఉండేవి. మైదానే అంగడికి పోయి కొనుక్కొచ్చాను. అంటే అది పేదరికం కాదు. ఒళ్ళు వంచలేకపోవడం, త్వరగా ముగించి నలుగురికీ చూపించుకోవాలన్న ఆత్రం. మైదా తెల్లగా ఆరుతుంది, మరక పడదు. చూడటానికి బాగుంటుంది.

ఆ పొద్దున ఎండ బాగా కాసింది. రెడ్డెప్ప మట్టిబొమ్మ ఛాతీ మీదికెక్కి గద తిప్పుతూ గిరికీ కొట్టాడు. ముందు తగరం జారింది. తర్వాత గుడ్డ పొర విప్పుకుంది. భీముడు ఇంకా గద ఎత్తనేలేదు, కిరీటం ముక్కలై బొమ్మ మీద పడింది.

కొందరు నవ్వారు. కాసేపటికి ఎవరూ నవ్వలేదు. దెబ్బ పడకముందే దుర్యోధనుడి తల బోసిపోయింది, ఊరికి కీడు అని ముసలమ్మలు గుండెలు బాదుకున్నారు. వేషగాడు నిష్ఠ తప్పాడన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో తెలియదు. గుడి పెద్ద నావైపు తిరిగాడు.

“ఏమప్పా, కిరీటంలో ఏమన్నా తప్పుండాదా? సేసినోడివి నువ్వు, నువ్వు సెప్పు.”

నాకు అప్పుడే తెలుసు. రెడ్డెప్ప కణతల మీద చెమటతో కలిసి పాలలా కారుతున్నది నా గంజి. ఒక్క మాట చెబితే చాలు. చెబితే నాకేం పోతుంది? కొంచెం పేరు. అదీ ఆ వారంలో పుట్టిన పేరు. దాని కోసమేనా? దాని కోసమే.

“కిరీటంలో ఏం తప్పుంటాదన్నా? రాజు తలకని సేస్తి నేను. యాల నిలబడలేదో ఆ తలనే అడగండి.”

జనం గొల్లుమన్నారు. అంత భయంలోనూ నవ్వారు. నా మాటకు జనం నవ్వడం నాకెప్పుడూ కల్లులాంటిది.

రెడ్డెప్ప కణత తుడుచుకుని వేళ్ళు చూసుకున్నాడు. తెల్లగా ఉన్నాయి. తలెత్తి నన్ను చూశాడు.

“నేను నిష్ఠ తప్పలేదప్పా.”

గుడి పెద్దతో కాదు, నాతో అన్నాడు. నేను పక్కకు చూశాను. అతను కిరీటం ముక్కలు ఏరి, తువ్వాలులో మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వాన పడలేదు. మా పక్క వాన పడని ఏడు కొత్తేమీ కాదు. కానీ ఆ ఏడు కరువుకు ఒక మనిషి పేరు దొరికింది. రెడ్డెప్పకు మళ్ళీ ఎవరూ కంకణం కట్టలేదు. బావి దగ్గర, అంగడి దగ్గర, అతను కనిపిస్తే చాలు, ‘తలనడగండ్రా’ అనేవాళ్ళు. నా మాటే. కొన్నాళ్ళకు గొర్రెలు తోలుకుని కుప్పం పక్కకు, భార్య పుట్టింటి ఊరికి వెళ్ళిపోయాడు. మేమూ తర్వాత మదనపల్లె చేరాం.

అక్కడితో ఊరుకున్నానా? లేదు. టీ అంగడిలో ఆ ‘తలనడగండి’ కథనే చెప్పుకుని ఇన్నేళ్ళూ నవ్వించాను. ఇంటికొచ్చినవాళ్ళకూ చెప్పేవాణ్ణి. నేను మొదలుపెట్టగానే మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఆమె పోయాక లేచి వెళ్ళేవాళ్ళు కూడా లేరు. గదిలో నేనూ, పాట మధ్యలో ఆగిపోయే ఒక రేడియో.

మొన్నామధ్య అదే కథ చెబుతుంటే టమోటా లారీ డ్రైవరొకడు నవ్వి, “ఆ రెడ్డెప్ప మా ఊర్లోనే ఉండాడే పెద్దాయనా” అన్నాడు. నేను నవ్వలేకపోయాను. రెడ్డెప్ప ఈపాటికి చచ్చిపోయి ఉంటాడనుకున్నాను. కాదు, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు దాటేదాకా చెప్పవలసిన మాట కూడబలుక్కున్నాను. పుంగనూరులో దిగిపోదామా అనిపించింది. దిగలేదు. కుప్పంలో దిగి, ఆటోలో ఆ ఊరు చేరాను.

రెడ్డెప్ప అరుగు మీద కూర్చుని మేకపిల్లకు ఆకు పెడుతున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

“యాల వస్తివప్పా ఇంత దూరం?”

“ఊరికే. సూసి పోదామని.”

“ఇంగా కిరీటాలు సేస్తాండావా?”

“సేయకుంటే బెంగళూరోళ్ళు యిడస్తారా!” అన్నాను. చివరి కిరీటం చేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇప్పుడన్నీ అంగట్లో దొరికే ప్లాస్టిక్కువే. అయినా మధ్యాహ్నం దాకా బెంగళూరు కథలే చెప్పాను. అతను వింటూ కూర్చున్నాడు. అతని భార్య రాగిసంగటి పెట్టింది. తిన్నాను.

లేవబోతుంటే అతను లోపలికి వెళ్ళి గూట్లోంచి ఒక మూట తెచ్చి విప్పాడు. నా కిరీటం. అన్ని ముక్కలూ తిరిగి అతికి ఉన్నాయి. అతుకుల వెంట ముదురు గోధుమరంగు గీత. గోటితో గీకి చూశాను. రాలేదు. చింతగింజల గంజి.

“సూడు, ఇంగా ఎంత గట్టిగుండాదో” అన్నాడు.

నేను చెప్పవలసింది అప్పుడే. నా నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా?

“నేను సేసింది గదప్పా! ఉండకేం?”

అతను కిరీటాన్ని మళ్ళీ మూట కట్టాడు. “అవును” అన్నాడు. తర్వాత, “బస్సు పోతాది, లెయ్” అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన కూర్చున్న కుర్రవాడు ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే, కుప్పంలో నాకు సన్మానం చేశారని చెప్పాను.

రెడ్డెప్పకు చదువు రాదు. అది తెలిసే ఇలా రాస్తున్నానా? బహుశా అంతే. పోనీ, మీరు చదివారు. ఈ ఒక్కచోట నేనేమీ కలపడం లేదు. ఆ కిరీటం విడిపోయింది మైదా గంజి వల్ల. ఆ గంజి కాచింది నేను. రెడ్డెప్ప నిష్ఠ తప్పలేదు.