నెట్టు మార్చే ఏళ్లు

రాయమల్లు ఏ పనైనా ముందు కాగితం మీద చేస్తాడు. మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో జిల్లా పరిషత్తు బడికి ఇరవై ఎనిమిదేళ్లుగా శిపాయి, అంటే ప్యూను, కాబట్టి, కాగితమంటే గౌరవం ఉండడం సహజమే. కాని కోళ్లగూడు కట్టాలని మూడు నెలలు గీసి, చెరిపి, మళ్లీ గీసి, గూడు లేవకముందే కోళ్లన్నిటినీ పిల్లి పాలు చేసిన ఘనత కూడా అతనిదే. వాళ్ల నాయన ఇంకొకరి పొలాల్లో కూలికి నాట్లు వేసి బతికాడు. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి రాయమల్లు. ఎనిమిది దాకా మరాఠీలో చదివి, అదే బడిలో గంట కొట్టే ఉద్యోగం సంపాదించుకుని, కొడుకును మాత్రం గడ్చిరోలి పంపి ఐటీఐ చదివించాడు.

ఆ కొడుకు భీమ్‌రావు ఇప్పుడు లేడు. సెల్ టవర్ల దగ్గర జనరేటర్లు బాగుచేసే పని అతనిది. పెళ్లయిన ఏడో నెలలో, వానాకాలం పొద్దున, ఆలపల్లి రోడ్డు మీద గుంత తప్పించబోయి లారీ కిందికి పోయాడు. అతనికి ఇరవై ఏడు. భార్య ప్రణాలికి ఇరవై రెండు. ఆ సంగతి ఎవరు చెప్పినా అక్కడితో ఆపేస్తారు.

ప్రణాలిది చామోర్షి. వ్యవసాయం డిప్లొమా చేసిన పిల్ల. ఏడాది మాసికం అయ్యాక వాళ్లన్న వచ్చి, చెల్లెను తీసుకుపోయి మళ్లీ పెళ్లి చేస్తానన్నాడు. వాళ్లలో అదేమీ తప్పు కాదు. ఆమె పోనంది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చాడు. అప్పుడు రాయమల్లే కూర్చోబెట్టి, నీది చిన్న వయసు, జర ఆలోచన చెయ్యమని మెల్లగా చెప్పి చూశాడు. నన్ను వెళ్లగొడుతున్నారా మామా అని అడిగి ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అత్త బీరమ్మ కోడలిని పట్టుకుని ఏడ్చి, మొగుడిని నానా మాటలూ అంది. ఇక ఆ ఊసు ఎత్తనని రాయమల్లు ఒట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. నిజానికి ఆ ఒట్టు పెట్టుకున్నప్పుడు అతని ప్రాణం హాయిగా ఉంది. ఆ పిల్ల లేని ఇల్లు ఎట్లా ఉంటుందో అతనికి తలుచుకోవాలని కూడా లేదు.

మూడోసారి అన్న వచ్చింది డిసెంబరులో. ఈసారి ప్రణాలి ఏడవలేదు. నాకిక్కడ పని ఉంది, పెరట్లో గ్రీన్‌హౌస్ వేసి మిరప నారు, వంగ నారు పెంచబోతున్నాను, నది ఒడ్డు రైతులంతా నారు కోసం ఎక్కడెక్కడికో తిరుగుతున్నారు అని చెప్పింది. అన్న నోరు మూసుకుని టీ తాగి బస్సెక్కాడు. గ్రీన్‌హౌస్ సంగతి అత్తమామలకు కూడా అప్పుడే తెలిసింది.

కొడుకు పోయాక రాయమల్లు మళ్లీ మనిషయింది ఆ శీతాకాలంలోనే. కాగితం పని దొరికింది కదా. ఫోనులో ఒక వీడియో చూసి, బడిలో మిగిలిన డ్రాయింగు షీటు మీద రెండు రోజుల్లో బొమ్మ గీసి తెచ్చాడు. నాలుగు వైపులా, పైనా ప్లాస్టిక్ కాగితం, గాలి చొరబడని తలుపు. ఆ వీడియో చేసిన పెద్దమనిషి హిమాచల్‌లో మంచుకొండల కింద ఉంటాడని మాత్రం ఇతను గమనించలేదు. ప్రణాలి ఆ బొమ్మను చాలాసేపు చూసి, నవ్వు ఆపుకోలేక, “మామా, మే నెలల అండ్ల మొక్కలు కాదు, అన్నం ఉడుకుతది,” అంది. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. పొయ్యి దగ్గర బీరమ్మ గరిటె ఆపి మరీ విన్నది.

తర్వాత ప్లానంతా ప్రణాలిదే. ఇక్కడి ఎండకు ఎండను సగం ఆపే ఆకుపచ్చ నెట్టు కావాలి. ప్లాస్టిక్ వానాకాలంలో పైన మాత్రమే, అదీ చుట్టి తీసేసేటట్టు. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. నేలలో ఇనుప చువ్వలు సగం దిగ్గొట్టి, ఇరవై అడుగుల ప్లాస్టిక్ పైపును వంచి రెండు కొసలూ చువ్వలకు తొడిగితే మధ్యలో ఏడున్నర అడుగుల ఎత్తు వస్తుంది. నాలుగు అడుగులకొక పైపు చొప్పున ఆరు పైపులు, పన్నెండు చువ్వలు. రాయమల్లు ఆ లెక్కను బడిలో గణితం సారుకు చూపించి, తప్పు లేదనిపించుకుని, ఆ సంగతి వీధంతా చెప్పుకున్నాడు. గాలివాన ఎటు నుంచి కొడుతుందో తెలుసుకోవడానికి ప్రణాలి కర్రలకు గుడ్డపేలికలు కట్టి వారం రోజులు రాసుకుంది. బీరమ్మ అది చూసి, ముప్పై ఏళ్లుగా ఈ పెరట్లోనే వండుతున్నాను, వానకు ముందు పొగ ఎటు పోతుందో నన్నడిగితే పోయేది కదా అని దెప్పింది. పేలికలు చెప్పిందీ, ఆమె చెప్పిందీ ఒకటే అయింది. తలుపు తూర్పుకు పెట్టాలని ముగ్గురూ కలిసి తీర్మానించారు. దానికి నెట్టిల్లు అని పేరు పెట్టింది కూడా బీరమ్మే.

ఫిబ్రవరిలో చువ్వలు దిగ్గొట్టారు. రాయమల్లు సుత్తి కొడుతుంటే ప్రణాలి చువ్వ వంగకుండా పట్టుకునేది. చేతి మీద పడుతుందేమోనని అతను భయపడి మెల్లగా కొట్టేవాడు, గట్టిగా కొట్టమని ఆమె కోప్పడేది. ఆ నాలుగు రోజులూ అతను బడిలో గంట కాస్త ముందే కొట్టాడని పిల్లలంటారు.

ఇక నెట్టు కొనడమే మిగిలింది. ఒక ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ నాగేపల్లిలో ఒక రైతు వేసిన నెట్టు చూసి వస్తామని పొద్దున బస్సుకు పోయారు. రాయమల్లు ఇంట్లో ఒక్కడే ఉండి, తలుపు చట్రానికి కట్టె కోయించాలని, కొలత కోసం ప్రణాలి నోటుబుక్కు తెరిచాడు. కొలత మొదటి పేజీలోనే ఉంది. చూసి మూసేస్తే సరిపోయేది. కాగితమంటే పిచ్చి ఉన్నవాడు కదా, చివరి దాకా తిప్పాడు.

చివరి పేజీలో మరాఠీలో ‘సంరక్షణ’ అని రాసి, కింద గీత కొట్టి ఉంది. ఎండకు నెట్టు అయిదేళ్లకు మించి ఆగదు కాబట్టి, ఏ ఏట ఏం మార్చాలో ఆమె ముందే వేసుకుంది.

2031: నెట్టు మార్చాలి. మామ రిటైర్ కాకముందే.

2036: నెట్టు, పైపులు. మామను నిచ్చెన ఎక్కనివ్వకూడదు, నేనే ఎక్కాలి.

2041: నెట్టు. అత్తకు నడుము వంగదు, నారు ట్రేలు బల్లల మీదికి ఎత్తాలి.

2046: నెట్టు. ఒక్కదాన్నే మార్చుకోగలిగేటట్టు చిన్న చిన్న ముక్కలుగా కొనాలి.

రాయమల్లు మొదటిసారి చదివినప్పుడు సంతోషమే కలిగింది. ఎంత ముందుచూపు అనుకున్నాడు. రెండోసారి వేలు పెట్టి చదివాడు. ఒక్కో ఏటి దగ్గర తనకెంత వయసుంటుందో చూసుకున్నాడు. ఆ తర్వాత ఆమెకెంత ఉంటుందో చూశాడు. ఇరవై తొమ్మిది. ముప్పై నాలుగు. ముప్పై తొమ్మిది. నలభై నాలుగు. నలభై నాలుగేళ్ల ప్రణాలి నిచ్చెనెక్కి, కింద పట్టుకునే దిక్కు లేక, ఒంటిచేత్తో నెట్టు ముక్క లాగుతున్నది అతని కళ్లకు కట్టింది. ఆ నాటికి తనుండడనీ, బీరమ్మ ఉండదనీ ఆ పిల్ల లెక్కలో వేసేసుకుంది. ఆ పేజీలో మామ ఉన్నాడు, అత్త ఉంది, నెట్టు ఉంది. తన కోసమని ఆమె ఒక్క అక్షరం రాసుకోలేదు.

అతను పెరట్లోకి పోయి చువ్వల మధ్య కూర్చున్నాడు. మంచిగా చెబితే ఆ పిల్ల పోదు, అది చూసిందే. నెట్టు పడి, ఒక్క ట్రే నారు మొలిచిందంటే ఇక ఎన్నటికీ పోదు. పూటపూటకూ నీళ్లడిగే మొక్కలను వదిలి పోయే మనిషి కాదు. కోపం నటించి, బీరమ్మకు మాత్రం సంగతి చెబుదామంటే, ఆమె కడుపులో మాట దాగదు, సాయంత్రానికల్లా కోడలికి చేరుతుంది. చేరితే ప్రణాలి, మామ నా కోసం నటిస్తున్నాడని నవ్వి నెట్టు కొనుక్కొస్తుంది. ఎటు తిప్పి చూసినా అతనికి ఒక్క దారే కనిపించింది. ఆ దారి మీద అతనికే ఏవగింపు కలిగింది. అయినా లేచి గడ్డపార తెచ్చాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి తొమ్మిది చువ్వలు బయటికొచ్చాయి. అతను పదోదాన్ని ఊపుతున్నాడు. ప్రణాలి చేతిలో నెట్టు ముక్కలు రెండు, రంగు చూపించడానికి తెచ్చినవి, అట్లాగే ఉన్నాయి.

“ఏం చేస్తున్నరు మామా?”

“పీకుతున్న. ఈ జాగ మా తమ్ముడు రాజలింగుకు ఇచ్చిన. వాడు అర్రలేసుకుంటడు.”

“మరి నెట్టిల్లు?”

“అదంత నీ ముచ్చట. జాగ నాది. నీది గాదు బిడ్డా.”

ఆఖరి పదం లేకుండా అనాలని పొద్దుటి నుంచీ నాలుగైదుసార్లు వల్లెవేసుకున్నాడు. అలవాటైన నోటికి అడ్డుపడలేకపోయాడు. ప్రణాలి వంగి, పీకేసిన చువ్వలను ఒక్కొక్కటీ ఏరి, మట్టి తుడిచి, గోడకు వరుసగా ఆనించి లోపలికి పోయింది. బీరమ్మ మాత్రం ఎదురుగా వచ్చి నిలబడి, “మన భీమ్‌రావు ఉంటే గిట్ల అందువా నువ్వు?” అని అడిగింది. రాయమల్లు తల ఎత్తలేదు. పదో చువ్వ గట్టిగా దిగి ఉంది, దాని మీదే వంగి ఉన్నాడు.

నాలుగో రోజు అన్న వచ్చాడు. పోయేటప్పుడు ప్రణాలి అత్త కాళ్లకు మొక్కి, ఆమెను పట్టుకుని వీధి వినేటట్టు ఏడ్చింది. మామకు కూడా మొక్కింది, మర్యాద తప్పే పిల్ల కాదు. ముఖం మాత్రం చూడలేదు. రాయమల్లు సంచి మోసుకుని బస్టాండు దాకా నడిచాడు. బస్సు కిటికీ పక్కన ఆమె కూర్చుని రోడ్డుకు అవతలి వైపు చూస్తూ ఉండిపోయింది. బస్సు పోయాక, ఎవరో పలకరిస్తే, కండ్లల్లో దుమ్ము పడ్డదని చెప్పాడు.

నెల తిరగకుండా రాజలింగు ఏదో పని మీద వచ్చాడు. జాగ సంగతి బీరమ్మ అడిగితే, ఏ జాగ వదినా అని తెల్లముఖం వేశాడు. ఆ రోజుతో బీరమ్మ మొగుడితో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. ఊరు కూడా ఊరుకోలేదు. కొడుకు చస్తే కోడలిని తరిమిన మనిషని బడిలో టీచరమ్మలు చెవులు కొరుక్కున్నారు. రాయమల్లు వేళకు గంట కొట్టాడు, గేటు తీశాడు, గేటు వేశాడు. కోడలిని తరిమిన మాట నిజమే కాబట్టి ఎవరికీ జవాబు చెప్పే అవసరం అతనికి రాలేదు.

మే నెలలో పెళ్లి కార్డు ఫోనులో వచ్చింది. అబ్బాయి గడ్చిరోలిలో పశువుల దవాఖానాలో పనిచేస్తాడు, అతనికి కూడా ఇది రెండో పెళ్లి. రమ్మని ఎవరూ అనలేదు. ముహూర్తం పదకొండు నలభైకి అని రాసి ఉంది. ఆ రోజు రాయమల్లు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు. తొమ్మిది గంటలకు ఫోను మోగింది. ప్రణాలి పేరే. ఎత్తాడు. అవతల డప్పులు, ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

“మామా, ఒక్కటే అడుగుత. నేను మీకు బరువైన్నా?”

రాయమల్లుకు ఆ పిల్ల సంగతి తెలుసు. కాదు అన్నాడంటే ఒంటి మీది పసుపుతోనే బస్సెక్కుతుంది. సాయంత్రానికి ఈ గుమ్మంలో ఉంటుంది. కాదు అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది. ఆ సాయంత్రం ఎంత బాగుంటుందో అతనికి కనిపించింది.

“అయినవ్,” అన్నాడు.

అవతల డప్పులు కాసేపు వినిపించి ఆగిపోయాయి. రాయమల్లు ఫోను నేల మీద పెట్టి, గోడ వైపు తిరిగి, కొడుకు శవం వచ్చిన రోజు కూడా ఏడవని ఏడుపు ఏడ్చాడు. ఊపిరందక వగరుస్తూ ఏడ్చాడు. వంటింట్లోంచి వచ్చిన బీరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఆ మనిషిని చాలాసేపు చూసింది. కోడలిని నిజంగా వద్దనుకున్న మనిషి ఇట్లా ఏడుస్తాడా? ఆ పిల్ల బతుకు కోసమే తరిమాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక్క మాట కూడా అడగకుండా వచ్చి పక్కన కూర్చుంది.

పదకొండు దాటాక ఫోను మళ్లీ మోగింది, తెర మీద ప్రణాలి పేరే. రాయమల్లు చెయ్యి చాచలేదు. ఎత్తి ఒక్క మాట చెబితే చాలు, మూడు నెలలుగా కంటికి కునుకు లేకుండా తలుచుకున్న పిల్ల ఇల్లు చేరుతుందని బీరమ్మకు తెలుసు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను దగ్గరికి లాక్కుని, మోగుతున్న దాని మీద అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమి పట్టింది. అది నాలుగుసార్లు మోగింది. తర్వాత ఇద్దరూ గోడ గడియారం వైపు చూస్తూ పదకొండు నలభై దాకా అట్లాగే కూర్చున్నారు.