బ్లేజు గారి కొవ్వొత్తులు

“ఎర్రదారం చుట్టావా?” అన్నాడు మా ఆయన.

“చుట్టాను, మీరు పడుకోండి” అన్నాను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలవే. తెల్లారేసరికి ఆయన పోయాడు. నిరుడు బ్లేజు గారి పండగకి చర్చికి పట్టుకెళ్ళని, ఆ ఎర్రదారం చుట్టిన రెండు కొవ్వొత్తులూ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. మూత తీస్తే మైనం వాసన, పసుపు వాసన. రేపు మళ్ళీ పండగ. అవి ముత్తైదువే పట్టుకెళ్ళాలని మా ఆయన అక్క, మా వదిన, పట్టుబట్టి కూర్చుంది. నేను చెప్తుంటే ఇది రాస్తున్నది ఆవిడ కూతురే.

మాది నరసాపురం దగ్గర గోదారి మీద బతికే ఇల్లు. వరద నీళ్ళు ఎర్రబడి, ముసురు పట్టి, తడి కట్టెలు పొగ చిమ్ముతూ, బెండకాయలు వేసిన పులస చేప పులుసు కుతకుతమంటున్న ఒక మధ్యాహ్నం, చిన్నపిల్లనైన నా గొంతులో ముల్లు దిగింది. అన్నం ముద్దలు మింగించారు, అరటిపండు మింగించారు, కదల్లేదు. మా అమ్మమ్మ నన్ను చంకనేసుకుని రేవు పక్క చర్చికి పరిగెత్తింది. ఫాదర్ గారు రెండు కొవ్వొత్తులు అడ్డంగా నా గొంతుకి ఆనించి, పునీత బ్లేజు గారిని తలచుకున్నారు. దగ్గు తెర వచ్చి ముల్లు ఊడిపడింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. ఆ గొంతుతోనే సంతలన్నీ తిరిగి చేపలమ్మాను.

అప్పట్నుంచీ ఏటా చలి విరిగే వేళ వచ్చే బ్లేజు గారి పండక్కి, అమ్మమ్మ కొవ్వొత్తులకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎర్రదారం చుట్టి, అమ్మవారికి పట్టుకెళ్ళినట్టే పట్టుకెళ్ళేది. ఒక ఏడు చేపల పులుసు గిన్నె కూడా విగ్రహం కాళ్ళ దగ్గర పెట్టేసింది.

“ముళ్ళు తీశారా మామ్మగారూ?” అన్నారు ఫాదర్ గారు.

“తీసేస్తే ఆయనకింక పనేముందండీ?”

ఫాదర్ గారు నవ్వి, మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి కథ చెప్పారు. బ్లేజు గారు ఆర్మేనియా దేశపు బిషప్పట, వైద్యుడట. కొండగుహలో ఉంటే దెబ్బ తగిలిన మృగాలు వెతుక్కుంటూ వచ్చేవట. ముల్లు మింగిన పిల్లాణ్ణి బతికించాడు. ఒక పేద విధవరాలి పందిని తోడేలు ఎత్తుకుపోతే తిరిగి తెప్పించాడు. రాజుగారి మనుషులు చీకటి కొట్లో వేసినప్పుడు అన్నమూ కొవ్వొత్తులూ తెచ్చింది ఆవిడే. చివరికి గొర్రెబొచ్చు దువ్వే ఇనుప దువ్వెనలతో ఒళ్ళంతా చీరి, తల నరికారు. ఆయన మాత్రం తన దేవుణ్ణి వదల్లేదు.

మా అమ్మమ్మా విధవరాలే. ఎదురొస్తే జనం ఆగిపోయే మనిషి. ఆ కథ విన్నాక, అప్పటిదాకా పండక్కి అందరి వెనకా నడిచిన అమ్మమ్మ కొంగు బిగించి ముందుకొచ్చేసింది. “ఆయన చీకట్లో ఉంటే దీపం తెచ్చిందెవరంటా? మీ ముత్తైదువలేనా?” అని రేవంతా వినేలా అడిగింది.

ఆ రేవు గోదారి కోసుకుపోయింది, చర్చి మిగిలింది. పులసలు అరుదైపోయాయి. పులుసు గిన్నె పెట్టేవాళ్ళూ లేరు. కొవ్వొత్తులున్నాయి, నేనున్నాను. రేపు నా చేత్తోనే పట్టుకెళ్తాను, ముందు నడుస్తాను.

రాశావా అమ్మా? ఏదీ, మొదట్నుంచీ చదువు. కాస్త గట్టిగా చదువు, మీ అమ్మ వంటింట్లోనే ఉంది.