ఆదివారం మైకు

కరోనా తర్వాత బడులు మళ్లీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది, జూన్‌లో, నన్ను ఆదోని వైపు ఒక ప్రభుత్వ బాలికల గురుకులానికి ప్రిన్సిపాల్‌గా వేశారు. అక్కడ పాఠాలతో పాటు పిల్లల తిండి, జ్వరాలు, తగాదాలు అన్నీ ప్రిన్సిపాల్ నెత్తినే ఉంటాయి. తగాదా ముదిరితే క్రమశిక్షణ కమిటీ కూర్చుంటుంది. కమిటీ ఏం తేల్చినా టీసీ మీద సంతకం మాత్రం ప్రిన్సిపాల్‌దే.

మిరపకోతల కాలంలో ఏడో తరగతి సుంకమ్మ మీద కమిటీ కూర్చుంది. స్నానాల గది దగ్గర హిమబిందు అనే తోటి పిల్లను తోసేసింది, ఆ పిల్ల మోచెయ్యి చీరుకుపోయింది. హిమబిందు తండ్రికి పొలాలతో పాటు ఎరువుల దుకాణం ఉంది. ఆయన నా గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ పాపనన్నా పంపీయండి మేడం, లేదంటే మా పాపకు టీసీ ఇయ్యండి" అన్నాడు. సుంకమ్మ తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి ఉన్నారు. ఆ వలసను ఇక్కడ సుగ్గి అంటారు. టీసీ ఇస్తే ఆ పిల్ల కూడా అక్కడికే చేరుతుంది, చదువు అంతటితో సరి. కమిటీలో అందరూ కోపం అణుచుకోలేని పిల్ల అన్నారు. అందరూ ఒకే మాట అంటే నాకు అనుమానం వస్తుంది.

మేట్రన్‌ను కూర్చోబెట్టి అడిగితే ఒక వింత తేలింది. సుంకమ్మ గొడవలన్నీ సోమవారాలే. మిగతా రోజుల్లో చిన్నపిల్లలకు జడలు వేసే పిల్ల. అది విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

మా దగ్గర ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే రోజు. ఎవరివాళ్లు వస్తే వాళ్ల పేరును గేటు దగ్గరి వాచ్‌ఉమన్ మైకులో పిలుస్తుంది. ఆ ఆదివారం వరండాలో కూర్చుని సుంకమ్మను గమనించాను. బట్టలు ఉతికింది, ఆరేసింది, లెక్కలు చేసుకుంది. ఎవరితోనూ పేచీ లేదు. మైకు గరగరమన్నప్పుడల్లా మాత్రం చేతిలో పని ఆగిపోయేది. హిమబిందు పేరు పొద్దున్నే పిలిచారు, ఆ పిల్ల గంతులేస్తూ పోయింది.

సాయంత్రం సుంకమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, సోమవారాలే ఎందుకు గొడవ పడతావని అడిగాను.

"మావోళ్లు రారని నాకు తెల్సు మేడం. అయినా మైకు మోగితే నా పేరేమో అని ఇంటాంటా. పొద్దుగూకేదాకా ఏడుపు ఆపుకుంటా. తెల్లారినాక ఎవరన్నా రవ్వంత తగిలినా ఇంగ నాకు శాతగాదు" అంది.

మర్నాడే మైకు తీయించాను. ఎవరైనా వస్తే డ్యూటీలో ఉన్న పిల్ల వెళ్లి, నెమ్మదిగా చెప్పి పిలుచుకురావాలన్నాను. హిమబిందు తండ్రిని, కోతలు అయి సుంకమ్మ అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా ఆగమని అడిగితే, గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. సుంకమ్మ బుద్ధిమంతురాలేం అయిపోలేదు. ఒకసారి ఉప్మా దగ్గర కొట్లాడింది, అదీ బుధవారం. సోమవారాలు మాత్రం మామూలు రోజులయ్యాయి. టీసీ మీద నేను సంతకం పెట్టలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం హిమబిందు తండ్రి రాలేకపోయాడు. ఆ పిల్ల మధ్యాహ్నానికే అన్నం కంచం విసిరికొట్టింది. దానికి కమిటీ కూర్చోలేదు. నాన్న రాలేదని పాపం బెంగ పెట్టుకుంది అన్నారు, కమిటీలో కూర్చున్న ఆ టీచర్లే.

కోపం అణుచుకోవడం రాదని మేం పంపించెయ్యబోయిన పిల్ల, ఆ పనిని ప్రతి ఆదివారం పొద్దంతా చేస్తూ వచ్చింది. మేం చూసింది ఆమెకు ఓపిక అయిపోయిన రోజును మాత్రమే. ఆ తర్వాత ఏ పిల్ల మీద ఫిర్యాదు వచ్చినా, ముందురోజు ఆ పిల్ల ఏం ఓర్చుకుందో కనుక్కోకుండా నేను కమిటీని కూర్చోబెట్టలేదు.