చందనం కాని బల్ల

రాజంపేట పక్కన మా ఊళ్లో నేను చేసిన బల్ల లాంటిది మద్రాసులో దొరల బంగళాల్లో కూడా లేదని చాలామందికి చెప్పాను. నేను మద్రాసు చూసింది లేదు. బల్ల మాత్రం నా చేతులతో చేసిందే. అంటే, కాళ్లకు బెజ్జాలు తొలిచింది మా వీధి వడ్రంగి. మిగతాదంతా నేనే.

పెళ్లయిన తర్వాత మొదటి ఎండాకాలం. నాలుగు రోజులు ఉండి పోవడానికి మామ వస్తున్నాడని కబురొచ్చింది. ఎండాకాలం మా పడకలు వాకిట్లోనే. మంచం పక్కన నీళ్లచెంబు, వక్కాకు నేల మీద పెడితే కుక్క మూతి పెడుతుంది. గాలికి విరిగిపడి గోడవారగా ఎండిన వేపకొమ్మ ఒకటి ఉంటే పలకలు కోసి చిత్రిక పట్టాను. వాన పడినా నీళ్లు నిలవకుండా పలకల మధ్య వేలు దూరేంత సందు విడిచాను. ఇనుప మేకులు తుప్పు పడతాయని చెక్క చీలలే బిగించాను. చివర గోడలకు పూసే జాజును ఆముదంలో కలిపి రుద్దితే బల్ల ఎర్రగా నిగనిగలాడింది.

మామ వస్తూనే దాన్ని గోటితో గీకి చూశాడు.

"ఏం కొయ్య అల్లుడా ఇది?"

వేప అంటే సరిపోయేది. "చందనం మామా" అన్నాను.

"ఎర్రచందనమా? యాడ దొరికింది?"

"కొండలో మనోళ్లు ఉండారులే."

మామ నమ్మాడు. నమ్మి ఊరుకోక మర్నాడు అంగడి దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు.

అక్కడి నుంచి ఊరి చూపు మారింది. నీళ్లకు పోయే ఆడవాళ్లు మా వాకిలి ముందు నెమ్మదించేవారు. బెజ్జాలు తొలిచిన వడ్రంగే నన్ను చాటుకు పిలిచాడు.

"నాకు చూపించింది వేపకొయ్య. తర్వాత మార్చినావా?"

నా భార్య పొయ్యి దగ్గరి నుంచి తల తిప్పకుండానే అడిగింది. "పొలం కావలికని పోతాండావు కదా. పొలానికేనా పోయేది?"

వాళ్లు నన్ను అనుమానిస్తే నేను వాళ్లందరినీ అనుమానించాను. గోడ అవతల ఎవరైనా దగ్గితే, అడవి గార్డుకు చెప్పబోయేది వీడే అనుకునేవాణ్ణి.

ఎవరు చెప్పారో, అడవి గార్డు రానే వచ్చాడు. రిజర్వు అడవిలో ఎర్రచందనం కొడితే జైలే. అతను కూర్చోలేదు, ఇచ్చిన నీళ్లు తాగలేదు. వంగి బల్లను వాసన చూశాడు.

"ఏమప్పా, చందనమంట."

"వేప సామీ."

"మీ మామ చందనమంటాండాడే."

మామ నా వైపు చూశాడు. నిజం చెబితే ఆయన ముందు పరువు పోతుంది, చెప్పకపోతే కడప జైలు. పరువు కోసమే నా గుండె కొట్టుకుందని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాను గానీ, కాళ్లు వణికింది జైలుకే.

"నీకు అబద్ధం చెప్పినా మామా. అది వేపకొమ్మ. జాజు పూసినా."

"దొరికినోళ్లంతా ఇట్లే అంటారు" అన్నాడు గార్డు. "చందనమైతే నీళ్లల్లో మునుగుతాది. చూద్దాం పా."

ఎద్దులు తాగే రాతితొట్టి దగ్గరికి బల్లను మోయించాడు. చీల కొట్టి ఒక కాలు ఊడదీసి నీళ్లలో వేశాడు. తేలింది.

"కాళ్లు వేపవి పెట్టి పైన చందనం వేసినావేమో."

ఒక పలక ఊడదీశాడు. అదీ తేలింది. ఇంతలో జాజు కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి అతనికి మళ్లీ అనుమానం. చివరికి బల్లలో ఉన్న కొయ్యంతా తొట్టిలో తేలాక గానీ కదల్లేదు. కదిలేటప్పుడు కూడా వెనక్కి వెనక్కి చూస్తూనే పోయాడు.

"వేపేనంట" అని నీరసంగా చెప్పుకుంటూ తొట్టి చుట్టూ మూగిన జనం చెదిరిపోయారు. మామ మొహం చూడలేక నేను తొట్టిలోంచి పలకలు ఏరుతున్నాను. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక పలక తీసి తుండుతో తుడిచి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"శానా గట్టోడివి అల్లుడా. గార్డు కండ్లే కప్పినావు. అసలుది యాడ పెట్టినావు?"

"అసలుదీ లేదు, నకిలీదీ లేదు. వేపే మామా, ఒట్టు."

"సరేలే. మామతో కూడా చెప్పగూడదు" అని మెచ్చుకోలుగా తలూపి లేచాడు.

సాయంత్రం ఆయన పెరట్లో గడ్డివామి చుట్టూ తిరుగుతూ కర్రతో అక్కడక్కడ పొడిచి చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, ఆయన నన్ను చూడకముందే లోపలికి వచ్చేశాను.