మామ్మ గీసిన కోర్టు

నిన్న ఫోన్లో మా చెల్లి టెన్నిస్ ఆట చూశాను. జూనియర్స్ దాటి ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి మ్యాచ్. అటు నుంచి ఇటు మారేటప్పుడు కోర్టులోని తెల్లగీతల్ని ఒక్కటీ తొక్కకుండా దాటింది. కామెంటేటర్ అది సెంటిమెంట్ అన్నాడు.

నర్సీపట్నంలో మా వీధి నేస్తాలూ, మీకు గుర్తుందిగా? జీడిపిక్కలు ఎండబెట్టే మా కళ్ళంలో, పాత మంచం నుంచి విప్పిన నవారే మన నెట్. బంతికి కూడా జీడి వాసనే. గీతలు మాత్రం రోజూ పొద్దున్నే మా మామ్మ ముగ్గుపిండితో వేసేది. వాటి మీద బంతి పడితే ఏమీ అనేది కాదు. చెల్లి కాలు పడిందా, "ఏటే పిల్లా, ముగ్గు తొక్కేస్తన్నావు? దాటెల్లు!" అని చీపురెత్తేది.

మామ్మ ఇప్పుడు లేదు. తిట్టడానికి ఆవిడ ఉంటే, ఆ తిట్టు మళ్ళీ వినడానికైనా నిన్న చెల్లి ఒక్క గీతైనా తొక్కేదేమో.