మోకాలు వంగని రాజు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను సిరిసిల్ల నుంచి కోరుట్ల వైపు ఒక డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. కళాశాల పేరు చెప్పను. అప్పటి ప్రిన్సిపాల్ గారు ఇంకా ఆరోగ్యంగా ఉన్నారు, వాట్సాప్ కూడా చూస్తారు. నాది ఆంగ్ల విభాగం. హోదా కాగితాల మీద అసిస్టెంట్ ప్రొఫెసర్, పిల్లల నోట మేడం, ప్రిన్సిపాల్ నోట 'ఇంగ్లీష్ మేడం'. విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి విభాగాధిపతిని కూడా నేనే. నా అధికారం కింద ఒక బీరువా ఉండేది, అది కూడా నా మాట వినేది కాదు.

నాకు అప్పగించిన పేపర్ నాటకం. అందులో సగం పాత విషాద నాటకాల సిద్ధాంతమే. ఆ పేపర్ చెప్పేవాళ్లంతా ఏటా ఒకే నోట్సు చెప్పి రాయిస్తారు, నేనూ అదే రాయించాను. విషాద నాయకుడు గొప్పవాడై ఉండాలి. పూర్తిగా మంచివాడు కాకూడదు, పూర్తిగా చెడ్డవాడూ కాకూడదు. అతనిలో ఒక దోషం ఉంటుంది. మిగతా గుణాలన్నీ బాగున్నా ఆ ఒక్కటే అతన్ని కూలుస్తుంది. ముందు పరిస్థితి తలకిందులవుతుంది, తర్వాత తన తప్పు తనకు తెలిసివస్తుంది. ఈ తెలిసిరావడాన్ని 'ఎరుక' అని రాయించేదాన్ని. ఎరుక ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. తొందరగా వస్తే నాటకం ఇంటర్వెల్‌కే అయిపోతుంది.

రాయికల్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, గొప్పోళ్లకేనా గీ దోషం? మామూలోళ్లకు ఉండదా?"

ఉంటుంది కానీ మామూలోళ్లు పడితే చప్పుడు రాదు అని చెప్పాను. పిల్లలు ఆ వాక్యాన్ని కూడా నోట్సులో రాసుకున్నారు.

ఆ చలికాలంలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, పూర్వ విద్యార్థులతోనే ఒక నాటకం వేయించాలన్నారు. అరగంటలో అయిపోవాలి, అందరికీ అర్థం కావాలి, ఎవరికీ కోపం రావద్దు, ఇవీ షరతులు. మొదటి రెండూ ఒప్పుకున్నాను.

నాటకం నేనే రాశాను. నోట్సులోని సూత్రాలను వరుసగా పేర్చితే కథ దానంతటదే వచ్చింది. ఒక రాజు. ధైర్యవంతుడు, దాత, న్యాయం తెలిసినవాడు. అతని దోషం ఒక్కటే, 'తప్పు నాది' అనే మాట నోటికి రాదు. ఒక గొర్ల కాపరి మీద దొంగతనం నింద వేసి రాజ్యం నుంచి వెళ్లగొడతాడు. దొంగ వాడు కాదని తర్వాత తెలుస్తుంది. అయినా వెనక్కి పిలవడు. కొండల్లో ఒక దొంగదారి ఉందని ఆ కాపరికి తప్ప ఎవరికీ తెలియదు. కాపలా లేని ఆ దారిని శత్రువులు కనిపెట్టి, దానిలోంచే వచ్చి కోట పట్టుకుంటారు. కొడుకు చచ్చి, రాజ్యం పోయిన రాజు చివరికి కాపరి గుడిసె ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని 'తప్పు నాది' అంటాడు. అక్కడ తెర.

రాజు వేషానికి పోటీ లేదు. మనోహర్‌రావు గారు రాయికల్ దగ్గరి పాత దొరల కుటుంబం. కోటలాంటి వాళ్ల ఇల్లు, గడి, కూలిపోయినా దొర అనే పిలుపు కూలలేదు. మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేసేవారు. ఆరడుగుల మనిషి, గొంతు ఎత్తితే మైకు దండగ అనిపించేది. ఆయన కాక, అంటే చిన్నాన్న, కళాశాలకు కొత్త స్టేజీ కట్టించిన దాత. ఆ లెక్కన రాజు వేషం ఆయనకు కాక ఇంకెవరికి ఇచ్చినా ప్రిన్సిపాల్ గారికి జ్వరం వచ్చేది.

రాజేశం ఆయనతో పాటే బీఏ చదివినవాడు. అదే ఊరు. చాలా ఏళ్లు మస్కట్‌లో క్రేన్ నడిపి వచ్చి కోరుట్లలో హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్నాడు. పొట్ట బాగుందని అతనికి మంత్రి వేషం అనుకున్నాను. అతను నాటకం మొత్తం నిలబడే చదివాడు. కాగితాలు సర్ది నా బల్ల మీద పెట్టాడు.

"నాకు గొర్లకాపరి వేషం ఇయ్యుండ్రి మేడం," అన్నాడు. కాపరికి మాటలు తక్కువ కదా అంటే, "మాటలు తక్కువున్నా పర్వాలేదు," అన్నాడు.

రిహార్సల్స్ సాయంత్రాలు జరిగేవి. మనోహర్‌రావు గారు కోట పోయినప్పుడు ఏడిస్తే ప్రాంప్టింగ్ చెప్పే జువాలజీ లెక్చరర్ కూడా ఏడ్చేవారు. ప్రాంప్టింగ్ అంటే పక్కతెర వెనక నిలబడి, నటుడు మరిచిపోయిన మాటను చిన్నగా అందించడం. ఆయన ఏడుపులో పడి ఆ పని మరిచిపోయేవారు. అంతా బాగుంది, చివరి దృశ్యం తప్ప. గుడిసె ముందుకు రాగానే రాజు ఆగిపోయేవాడు.

"మోకాలు నొస్తది మేడం. తల వంచుత, సాల్దా?"

చాలదన్నాను. మర్నాడు కరీంనగర్ ఎముకల డాక్టర్ తీయించిన ఎక్స్‌రే తెచ్చి కిటికీ వెలుతురులో నాకు చూపించారు. ఆంగ్ల సాహిత్యంలో ఎంఏ చేసినందుకు నేను దాన్ని శ్రద్ధగా చూశాను. తర్వాత రోజు రాజు నిలబడే ప్రాణం వదిలితే ఎట్లుంటదని అడిగారు. ఆ తర్వాత దూరం నుంచి దండం పెడతానన్నారు. రాజేశం గుడిసె గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటూ ఉండేవాడు.

"పుస్తకంల ఏమున్నదో గదే చెయ్యమనుండ్రి మేడం. నేనేమన్న కొత్తగ అడుగుతున్ననా?" అనేవాడు. మాట మర్యాదగానే ఉండేది, చూపు మాత్రం దొర మోకాలి మీద ఉండేది.

ఒక మధ్యాహ్నం మనోహర్‌రావు గారు ఒంటరిగా నా గదికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గీ కథ మీకు ఎవలు చెప్పిండ్రు మేడం?"

నేనే అల్లానన్నాను. నమ్మలేదు. "రాజేశం చెప్పి రాయించిండు. గంతే గదా," అని వెళ్లిపోయారు.

నేను తిన్నగా హార్డ్‌వేర్ దుకాణానికి పోయాను. రాజేశం తరాజులో మేకులు తూస్తున్నాడు. తూయడం అయ్యాక చెప్పాడు.

"మా నాయిన కొమురయ్య దొరోల్ల కాడ జీతం ఉండె మేడం. ఓ ఎండకాలం బాయికాడి మోటరు పోయింది. మా నాయినే ఎత్కపోయి అమ్ముకున్నడని గడి ముంగట పొద్దంత నిలవెట్టిండ్రు. ఊరంత సూసింది. నేను గప్పుడు బీఏ చదువుతున్న, మనోహర్‌రావు దొర పక్క బెంచీల. ఎన్కశీరి ఎర్కైంది, మోటరు అమ్మింది వాళ్ల కాకనే అని."

"మనోహర్‌రావు గారికి తెలుసా?"

"ఎర్కే. కాకతోని మోటరు బండికెత్తిచ్చిన సుట్టపాయన ఈయన సోపతిగాడే, దోస్తుకు గప్పుడే చెప్పిండు. ఈయన నోరు తెరువలే. మా నాయిన దొంగోడనే పేరుతోనే పోయిండు. మా అవ్వ ఉన్నది ఇంక."

నాటకం ఆపేద్దామా అని అడిగాను. అతను వింతగా చూశాడు. "ఎందుకు ఆపుడు? మీరు రాసింది మంచిగనే ఉన్నది," అన్నాడు.

సంగతి ప్రిన్సిపాల్ గారి దాకా ఎట్లాగో పోయింది. పిలిచి తలుపు వేయించారు. రాజు అసలు తప్పే చేయకుండా ఉంటే ఏమవుతుంది మేడం అని అడిగారు. అప్పుడు అది విషాద నాటకం కాదు సార్, సన్మాన సభ అవుతుంది అన్నాను. సన్మాన సభలో తప్పేముంది అన్నారు ఆయన. కథ మారిస్తే నా పేరు తీసేయమన్నాను. నా పేరు తీస్తే పని ఆయన మీద పడుతుంది కాబట్టి, కథ అట్లాగే ఉండిపోయింది.

సమ్మేళనం రోజు సాయంత్రం షామియానా నిండిపోయింది. ముందు వరసలో సోఫాలు, వాటిలో ముఖ్య అతిథి, పక్కన మనోహర్‌రావు గారి కాక. ఆఖరి వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ రాజేశం తరఫు వాళ్లు రెండు బండ్లలో దిగారు. మధ్యలో అతని అవ్వ, అంటే తల్లి. దొర రాజేశం ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడన్న వార్త రాయికల్ అంగడిలో వారం ముందే తిరిగిందని తర్వాత తెలిసింది. మా ఆహ్వాన పత్రికలకు అంత ప్రచారం ఎప్పుడూ రాలేదు.

మనోహర్‌రావు గారు ఆ రోజు చేసినంత బాగా రిహార్సల్స్‌లో కూడా చేయలేదు. కొడుకు శవం మీద పడి ఏడిస్తే సోఫాల్లో వాళ్లు సెల్‌ఫోన్లు కిందికి దించారు. కిరీటం కాస్త వదులై చెవుల మీదికి జారుతున్నా ఎవరూ నవ్వలేదు. చివరి దృశ్యం వచ్చింది. రాజు గుడిసె ముందుకు వచ్చాడు. ఆగాడు.

అట్లాగే నిలబడ్డాడు. జువాలజీ సారు పక్కతెర వెనక నుంచి మెల్లగా "తప్పు నాది" అన్నారు. రాజు కదలలేదు. సారు ఇంకాస్త గట్టిగా అన్నారు. మూడోసారి ఆయన అరిచిన అరుపు మైకులోకే పోయి, "తప్పు నాది" అని షామియానా అంతా మోగింది. వెనక వరసలు నవ్వాయి. ఎవరో ఈల వేశారు. కిరీటం కింద మనోహర్‌రావు గారి ముఖమంతా చెమట.

అప్పుడు రాజేశం గుమ్మంలోంచి లేచి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ మాట నా నాటకంలో లేదు.

"మోకాలు నొస్తే ఇడిశిపెట్టు దొరా. మాటన్న చెప్పు."

మెల్లగానే అన్నాడు, పైన వేలాడదీసిన మైకు అందుకుంది. షామియానా సద్దు మణిగింది. మనోహర్‌రావు గారు కిరీటం తీసి చేతిలో పట్టుకున్నారు. రాజు గొంతు కాదు, మెట్‌పల్లి మార్కెట్లో మాట్లాడే మామూలు గొంతుతో అన్నారు.

"మోటరు మీ నాయిన ఎత్కపోలే రాజేశం. మా కాకనే అమ్ముకున్నడు. నాకు గప్పుడే ఎర్కే. నేను చెప్పలే."

సభలో సగం మందికి ఏమీ అర్థం కాలేదు. రాజు కథలోకి మోటరు ఎట్లా వచ్చిందని ముఖ్య అతిథి పక్కకు తిరిగి అడిగారు. పక్కన సమాధానం చెప్పవలసిన మనిషి అప్పటికే సోఫాలోంచి లేస్తున్నాడు.

రాజేశం షామియానా చివరికి చేయి చూపించాడు. "మా అవ్వ ఆఖర్ల కూసున్నది," అన్నాడు. "ఇనవడ్డదో లేదో. ఇంకోపారి చెప్పు."

ఈసారి రాజేశం 'దొరా' అని పిలవలేదు. మనోహర్‌రావు గారు స్టేజీ అంచున ఉన్న మైకు దగ్గరికి నడిచారు, దాన్ని తన ఎత్తుకు లేపుకున్నారు, అవే మాటలు కొమురయ్య పేరు పెట్టి మళ్లీ చెప్పారు. చెప్పి మైకు ముందే నిలబడిపోయారు. తెర లాగే అటెండర్ రాజు నోట 'తప్పు నాది' అన్న మాట కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు, అతనికి ఇచ్చిన గుర్తు అది. నేనే పోయి తాడు లాగాను.

ఆ తర్వాత వెనక వరసల దగ్గరికి పోయి అవ్వను పలకరించాను. ఆమె చెప్పులు వెతుక్కుంటోంది.

"ఇనవడ్డది బిడ్డా. మొదటిపారే ఇనవడ్డది. రెండోపారి ఎందుకు చెప్పిచ్చిండో వాడు," అంది. చెప్పులు దొరికాక కూడా కాసేపు లేవలేదు.

మర్నాడే నాకు మెమో వచ్చింది. ఆమోదించిన నాటకానికి భిన్నంగా సంభాషణలు చెప్పించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. నటుడు సంభాషణ మరిచిపోయాడని రాసిచ్చాను. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ప్రభుత్వ ఉత్తరాల్లో ఈ రెండింటి మధ్య చాలా చోటు ఉంటుంది.

మనోహర్‌రావు గారు ఆ ఏడు సహకార సొసైటీ చైర్మన్ కావలసింది. కాక బలగమంతా పక్కకు తప్పుకుంది, ఇంకెవరో అయ్యారు. కాక ఇంట్లో పెళ్లికి ఈయనకు పిలుపు రాలేదు. మెట్‌పల్లిలో ఒకసారి కనబడితే ఆగి మాట్లాడారు.

"సొసైటీ పోయింది మేడం. కాక మొకం సూస్తలేడు. మీ నోట్సుల గిట్లనే ఉంటదా?"

ఉంటుందన్నాను. అయితే నోట్సులో నాయకుడు చివరికి చచ్చిపోతాడు, మీరు పసుపు అమ్ముకుంటున్నారు, కాబట్టి పూర్తిగా సరిపోదని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. పసుపుకు ధర లేదన్నారు.

రాజేశం, మనోహర్‌రావు గారు స్నేహితులేమీ కాలేదు. ఎదురైతే పేరు పెట్టి పలకరించుకుంటారు. తృప్తిగా ఉందా అని రాజేశాన్ని అడిగాను.

"మా నాయిన ఇనలే గదా మేడం. అవ్వ ఇన్నది. సగం పని అయ్యింది," అన్నాడు.

విషాద నాయకుడికి చివర్లో తప్పు తెలిసివస్తుందని నేను అంతకాలం రాయించాను. మనోహర్‌రావు గారికి తెలియనిది ఏనాడూ లేదు. బీఏ చదివే రోజుల నుంచీ తెలుసు. ఆ తెలియడం వల్ల కొమురయ్య కుటుంబానికి ఒరిగింది ఏమీ లేదు. అందుకని మరుసటి ఏడు నోట్సులో ఒక వాక్యం మార్చాను. ఎరుక అంటే నాయకుడు తన తప్పు తెలుసుకోవడం కాదు, దాన్ని ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పడం అని రాయించాను. అట్లా రాసిన పిల్లలకు యూనివర్సిటీ మూల్యాంకనంలో మార్కులు కోశారు. వాళ్లు జవాబు పత్రాల నకళ్లు పట్టుకుని నా మీదికే వచ్చారు. అప్పటి నుంచి రెండు వాక్యాలూ చెప్పేదాన్ని. పరీక్షలో పాతది రాయమనేదాన్ని, బయట కొత్తది వాడుకోమనేదాన్ని. ఉద్యోగ విరమణ దాకా అదే పద్ధతి నడిచింది.