లేసు టీచరు గారింటి ఫైర్‌వాల్

2022 వానాకాలం నాటి మాట. నరసాపురంలో బస్టాండు నుంచి గోదావరి గట్టు వైపు వెళ్ళే రోడ్డులో నాకు కంప్యూటర్ రిపేరు కొట్టు ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ళు వేరు. వాళ్ళు వైరు లాగి, పెట్టె తగిలించి, లైట్లు వెలిగాయి కదా అని వెళ్ళిపోతారు. ఆ తర్వాత మేడ మీద సిగ్నల్ అందకపోయినా, ప్రింటర్ మొండికేసినా కబురు నాకే వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఇందులో నాకు బాగా తెలుసు అనుకున్న విషయంలోనే నేను బోల్తా పడ్డాను. అదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌లో వచ్చేపోయేవాటిని ఆపి "నువ్వెవరు, ఎక్కడికి?" అని అడిగే కాపలా. ఇళ్ళలో అది రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రౌటర్‌లో, అంటే ఇంటర్నెట్ వైరు వచ్చి చేరే ఆ లైట్ల పెట్టెలో. అది వీధి గుమ్మం దగ్గరి కాపలా. బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని అక్కడే ఆపేస్తుంది. రెండోది కంప్యూటర్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్. అది గది తలుపు దగ్గరి కాపలా. వచ్చింది బయటివాళ్ళా, పక్క గదిలోని ఫోనా అని చూడదు, అందరినీ అడుగుతుంది. రెండింట్లో ఏది మంచిదండీ అని అడిగేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. ఆ రోజుల్లో నా జవాబు ఒక్కటే. "రౌటర్‌ది గట్టిగా పెట్టుకోండి, ఇంక దేనికీ భయం లేదు."

సువార్తమ్మ టీచరు గారు ఆ ప్రశ్న అడగడానికే నన్ను పిలిపించారు. ఆవిడ నాకు ఏడో తరగతిలో క్రాఫ్ట్ టీచరు. మా వైపు లేసు అల్లడం ఆడవాళ్ళ పని, కానీ ఆవిడ క్లాసులో మగపిల్లలం కూడా తప్పించుకోలేదు. నేను అల్లిన రుమాలు అంచు జీడిపప్పులా వంకర తిరిగిపోతే, పైన ఇంకో వరస అల్లి కప్పెట్టాలని చూశాను. ఆవిడ లాక్కుని సగం విప్పేసి ఒళ్ళో పడేశారు. "ముడి తప్పితే కప్పెట్టకు. ఎక్కడ తప్పిందో అక్కడిదాకా విప్పు" అన్నారు. ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ గొంతు వింటే నేను బెంచీ మీద సర్దుకుని కూర్చునే పిల్లాణ్ణే.

రిటైరయ్యాక ఆవిడ ఇల్లే ఒక లేసు కేంద్రం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి అల్లిన ముక్కలు చూపిస్తారు, కొత్త డిజైన్లు పట్టుకెళ్తారు. వరండాలో చాప మీద ఎప్పుడు చూసినా నలుగురైదుగురు ఉంటారు. హాల్లో చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో వైఫై పాస్‌వర్డ్ రాసి ఉంటుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు మంచినీళ్ళు తాగి, తర్వాత ఆ క్యాలెండర్ వైపు చూసేవారు.

ఆవిడ బెంగంతా ఒక పుస్తకం గురించి. వాళ్ళమ్మ గారు తన జీవితమంతా అల్లిన డిజైన్లను పేజీకొకటి చొప్పున ఒక లావుపాటి నోటుబుక్కులో కుట్టి పెట్టారు. నెమలి, చింతాకు, గోదావరి అల, ద్రాక్షగుత్తి. ఇప్పుడా కాగితాలు చెమ్మకు ముద్దవుతున్నాయి, పురుగు పట్టి ముట్టుకుంటే రాలుతున్నాయి. ముక్కలన్నీ విప్పి, స్కాన్ చేసి, లాప్‌టాప్‌లో దాచాలని ఆవిడ కోరిక. కానీ కంప్యూటర్లో పెట్టినవి నెట్‌లోంచి ఎత్తుకుపోతారని చర్చిలో ఎవరో చెప్పారట.

"ఒరేయ్ శ్రీనూ, రౌటర్‌లో కాపలా మంచిదా, కంప్యూటర్‌లో కాపలా మంచిదా? సూటిగా చెప్పు."

"రౌటర్‌దేనండి. గుమ్మం దగ్గరే ఆపేస్తే గదిదాకా ఎవడొస్తాడు?"

"మరి నేనే గుమ్మంలోంచి రమ్మన్నవాళ్ళ సంగతి?"

అసలు ప్రశ్న అదే. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నేను దాన్ని పట్టుకోలేదు. నా కళ్ళు క్యాలెండర్ మీద ఉన్నాయి.

"ముందు అది చెరిపెయ్యాలండి. వచ్చినవాళ్ళందరికీ పాస్‌వర్డ్ ఇచ్చుకుంటూ పోతే ఇంక ఫైర్‌వాల్ దేనికండి?"

"ఎండన పడి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, వైఫై మాత్రం ఇవ్వనంటానేంట్రా? వాళ్ళు డిజైను ఫోటోలు దాన్లోనే కదా దింపుకునేది."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదండీ" అన్నాను, తెలివైన మాట అన్నాననుకుని.

వరండాలో నాగమణి చేతిలో సూది ఆగిపోయింది. నాగమణి కాలవ అవతలి ఊరి మనిషి. వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగిన పనిమంతురాలు. రోజూ స్టీలు క్యారేజీలో అన్నం పెట్టుకుని వచ్చేది. ఆమె నా వైపు చూడలేదు, తల ఇంకా దించుకుంది. టీచరు గారు మాత్రం నన్ను చూశారు.

"నా ఇంట్లో దొంగలెవరూ లేర్రా. కాఫీ తాగి నీ పని చూసుకో."

చూసుకున్నాను. రౌటర్ సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ మార్చాను, క్యాలెండర్ మీది వైఫై పాస్‌వర్డ్ జోలికి పోలేదు. పాత కెమెరా కోసం ఎప్పుడో ఎవరో తెరిచి వదిలేసిన దారులన్నీ మూసేశాను. గుమ్మం కాపలా నిజంగానే గట్టిగా పెట్టాను, అందులో వంక లేదు. చిక్కంతా స్కానర్ దగ్గర వచ్చింది. స్కాన్ చేసిన బొమ్మ వైఫై మీద నేరుగా లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌లో పడాలి. పడటం లేదు. లాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ స్కానర్‌ను కూడా "నువ్వెవరు?" అని ఆపేస్తోంది. దాని పని అది చేస్తోంది. ఆ ఒక్క స్కానర్‌ని మాత్రం రానివ్వమని దానికి చెప్పాలి, ఫోల్డర్‌కి ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. అరగంట పని. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటయింది, పాలకొల్లు నుంచి ఇంకొకాయన ఫోను మీద ఫోను చేస్తున్నాడు. నేను ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి, ఫోల్డర్‌ను ఎవరైనా తెరిచేలా పెట్టేశాను. నెమలి టక్కున వచ్చి తెర మీద వాలింది. టీచరు గారి మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే తెర మూల ఒక ఎర్ర గుర్తు కూడా వచ్చింది.

"ఆ ఎర్ర గుర్తేంట్రా?"

"ఏం పర్లేదండి. కంప్యూటర్ చాదస్తం. గుమ్మంలో రౌటర్ ఉందిగా."

ఆవిడ ఆ గుర్తు వంక చూశారు, నా వంక చూశారు. "సరే" అన్నారు.

క్రిస్మస్ లోపు పుస్తకమంతా స్కాన్ చేసేశారు. తర్వాత ఆవిడ చేసిన పని విని నేను ముచ్చటపడ్డాను. విప్పిన ఆ పాత ముక్కలను పెట్టెలో దాచుకోలేదు. తనతో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆడవాళ్ళకు క్రిస్మస్ కానుకగా తలొకటి ఇచ్చేశారు. "అమ్మ డిజైన్లు కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి కదా. అమ్మ చేతి పని అల్లేవాళ్ళ ఇళ్ళల్లో ఉండాలి" అన్నారు. నా ఫైర్‌వాల్‌ను నమ్మి ఇచ్చారన్నమాట.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఫోను. "శ్రీనూ, ఏంటోరా, ఒక్క బొమ్మా తెరుచుకోవట్లేదు."

వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరుకీ వెనక ఏదో తోక తగిలి ఉంది. పక్కనే ఇంగ్లీషులో ఒక చీటీ, సొమ్ము పంపితే తెరుస్తామని. దీన్ని మా భాషలో రాన్సమ్‌వేర్ అంటారు. ఫైళ్ళకు తాళం వేసి, తాళంచెవికి బేరం పెట్టే వైరస్. అంతకు ముందురోజు, అల్లినవి కొనుక్కెళ్ళే లేసు ఏజెంటు ఒకాయన వచ్చి, డిజైన్లు ఎంచుకోవడానికి తన లాప్‌టాప్‌ను ఆ వైఫైకి కలిపాడు. వైరస్ అందులో ఉంది. పాపం ఆయనకూ తెలియదు, ఆయన ఫైళ్ళూ పోయాయి. అది ఆయన లాప్‌టాప్‌లోంచి బయలుదేరి, నేను బార్లా తెరిచి వదిలిన దారిలో టీచరు గారి ఫోల్డర్‌లోకి నడిచి వెళ్ళింది. గుమ్మంలోని రౌటర్ దాన్ని ఆపదు. అది గుమ్మంలోంచి అతిథిగా వచ్చింది మరి. తాళం వేశాను, గొళ్ళెం మరిచాను అన్నట్టుంది నా పని.

ఇదంతా నాకు ఐదు నిమిషాల్లో అర్థమయింది. నోటితో చెప్పింది మాత్రం ఇది. "ఏజెంటు గారి లాప్‌టాప్‌లోంచి వచ్చిందండి. అందుకే పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వొద్దన్నాను." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా అంత సిగ్గుమాలిన మాట నేను నా సర్వీసులో ఇంకోటి అనలేదు.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అమ్మ ఫోటో కూడా లేదురా మా దగ్గర. ఎలా ఉండేదంటే ఆ పుస్తకమే చూపించేదాన్ని" అన్నారు. కళ్ళు తుడుచుకుని, "నీకు కాఫీ పెట్టడం మర్చిపోయాను" అని లేచారు.

నాలుగు రోజులు నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను, తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ఆ తాళం తెరుచుకోలేదు. నేను మొదటి రోజు పెన్‌డ్రైవ్‌లో దాచిన కాపీలో నెమలి ఒక్కటే ఉంది. "ఇచ్చిన ముక్కలు వెనక్కి అడిగితే మళ్ళీ స్కాన్ చేసుకోవచ్చు కదండీ" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "పండక్కి ఇచ్చిన కానుక వెనక్కి అడుగుతామేంట్రా? నా నోట రాదు."

ఐదో రోజు, ఇంక లాభం లేదని చెప్పడానికే వెళ్ళాను. మా మాటల మధ్యలోనే నాగమణి వచ్చింది. క్యారేజీ పై గిన్నె తెరిచింది. అన్నం లేదు. ఉతికిన తెల్ల గుడ్డలో చుట్టిన లేసు ముక్క ఉంది.

"నాకిచ్చిన చింతాకు తెచ్చేనండి టీచరమ్మగారూ. పోయింది కంప్యూటర్లోది కదండీ. ఇది మా ఇంట్లోనే ఉందండి, ఆయ్."

"నేను అడగలేదు కదే నాగమణీ."

"మీరు అడగరని తెలిసే వచ్చేనండి. అందరికీ చెప్పేను, ఒక్కోళ్ళే వస్తారు."

వచ్చారు. పది రోజులపాటు వస్తూనే ఉన్నారు. ఒకామె టీవీ మీద కప్పినది తెచ్చింది. ఒకామె అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నది, మేకు సహా పీక్కొచ్చింది. ఇంకొకామె ద్రాక్షగుత్తిని జాకెట్టు చేతికి కుట్టించుకుంది. విప్పితే నలుగుతుందని జాకెట్టుతోనే తెచ్చింది. స్కానర్ మీద జాకెట్టు పరిచి మూత పెడుతుంటే వరండా అంతా ఒకటే నవ్వు. ఒక ముక్కను ఎలకలు కొట్టేశాయి. ఆ డిజైను వేళ్ళకు గుర్తుందని నాగమణి రెండు రోజులు కూర్చుని మళ్ళీ అల్లింది. గోదావరి అల మాత్రం దొరకలేదు. అది పట్టుకెళ్ళినామె మస్కట్‌లో పనికి వెళ్ళింది, దాన్నీ సామానుతోపాటు తీసుకెళ్ళిందట. ఈసారి వచ్చేటప్పుడు తెస్తానని కబురు చేసింది. ఫోల్డర్‌లో దాని చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

వచ్చిన ప్రతి ఒక్కరూ మంచినీళ్ళు తాగి క్యాలెండర్ వైపు చూశారు. వైఫైలోకి రానివ్వొద్దని నేను చెప్పింది వీళ్ళనే.

ఈసారి అరగంట పని అరగంటా చేశాను. లాప్‌టాప్‌ను మొత్తం తుడిచి కొత్తగా సర్దాను. దాని ఫైర్‌వాల్ వేసి, ఆ ఒక్క స్కానర్‌కే దారి ఇచ్చాను. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంటుంది. అతిథులకు ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లోని లాప్‌టాప్ మాత్రం కనబడదు. అది పెట్టాను. డిజైన్లను రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి నా కొట్టు బీరువాలో పెట్టాను. ఏజెంటు గారి లాప్‌టాప్ కూడా నేనే అడిగి తెచ్చుకుని బాగుచేసి ఇచ్చాను. ఎందుకింత శ్రద్ధో ఆయనకు అర్థం కాలేదు.

చివరి ముక్క స్కానయిన రోజు ఇంక నా వల్ల కాలేదు.

"టీచరు గారూ, ఆ రోజు లాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ నేనే ఆపేశానండి. తప్పు ఏజెంటుది కాదు, వీళ్ళది కాదు. నాది."

ఆవిడ చేతిలోని అల్లిక మీంచి తలెత్తలేదు. "తెలుసురా."

"ఎప్పట్నుంచండి?"

"నువ్వు మళ్ళీ సర్దిన రోజు ఆ ఎర్ర గుర్తు పోయిందిగా. అప్పట్నుంచి."

"మరి అడగలేదేంటండి?"

"ఎక్కడ తప్పిందో అక్కడిదాకా నువ్వే విప్పుకోవాలి. ఎంతసేపు పడుతుందా అని చూస్తున్నా." అప్పుడు కళ్ళజోడు మీంచి చూశారు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నావు. ఈశ్వరుడి సంగతి నాకు తెలీదు గానీ, టీచరు పట్టేస్తుందిరా."

వరండాలో నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వెళ్ళి ఆమె ఎదుట నిలబడి, "ఆ రోజు అన్న మాటకి ఏమీ అనుకోకండి అమ్మా" అన్నాను. "అయ్యో, ఆ మాట ఎప్పుడో మర్చిపోయేనండి బాబుగారూ" అంది. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. టీచరు గారు నా చేతికి ఎర్ర పెన్ను ఇచ్చి, గెస్ట్ పాస్‌వర్డ్‌ను క్యాలెండర్ మీద నా చేతే రాయించారు. అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యమన్నారు.

ఇప్పుడు ఎవరైనా రౌటర్ ఫైర్‌వాల్ మంచిదా, సాఫ్ట్‌వేర్‌ది మంచిదా అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. "మీ ఇంటికి ఎంతమంది వస్తూ పోతూ ఉంటారండి?" అని అడుగుతాను. మా గోదావరి ఇళ్ళకు రెండూ ఉండాల్సిందే. గుమ్మం తెరిచి ఉండే ఇళ్ళు మావి, అవి అలాగే ఉండాలి. గది తలుపు సంగతి చూడటం నా పని. ఆ అరగంట నేను ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఎగ్గొట్టను. ఎవరైనా తెర మీద ఎర్ర గుర్తు చూపించి ఇదేంటండీ అంటే, కుర్చీ లాక్కుని కూర్చుంటాను. "ఏం పర్లేదండి" అనే మాట మాత్రం ఆ ఫిబ్రవరి తర్వాత నా నోట రాలేదు.